ముందు ఏం మోయాలో తేల్చుకున్నాం: మా బడి పిల్లల నీటి రాకెట్

మా ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలతో కలిసి ఈ ఏడాది నీటి రాకెట్ తయారుచేశాను. దాని ముక్కులో చిన్న పీడన సెన్సర్ పెట్టి కొబ్బరి చెట్ల తలలు దాటించి, మళ్లీ పనిచేసే స్థితిలో కిందికి దించుకున్నాం. మా ఊరు తణుకుకు దక్షిణాన, డెల్టా కాలువల మధ్య ఉంది. నేను భౌతికశాస్త్రం చెబుతాను. ఇలాంటి పని తలపెట్టే ఉపాధ్యాయులకు పనికొస్తుందని మేము నడిచిన దారి రాస్తున్నాను. బాటిల్ కోసి అతికించడం ఎవరికైనా వస్తుంది. మాకు ఎక్కువ సమయం పట్టిందీ, ఎక్కువ నేర్పిందీ బరువుల లెక్క.

అడిగింది పిల్లలే. దీపావళి సెలవుల తర్వాత పదో తరగతి అబ్బాయిలు కొందరు వచ్చి, "మాస్టారూ, జువ్వ మందుతోనే పెద్ద రాకెట్ చేద్దామండీ" అన్నారు. సూరేకారం, గంధకం, బొగ్గు నూరి చిచ్చుబుడ్లు, జువ్వలు ఇంట్లోనే కూరుకోవడం మా వైపు తాతల నాటి అలవాటు. ఆ మందు జోలికి వెళ్లేది లేదని అక్కడికక్కడే చెప్పేశాను. నూరేటప్పుడు చిన్న రాపిడి, కూరేటప్పుడు కాస్త ఎక్కువ దెబ్బ పడితే చాలు, చేతులు పోతాయి. లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం చట్టరీత్యా కూడా నేరం. అయితే వాళ్ల ప్రశ్నను మాత్రం వదలలేదు. జువ్వలో సూరేకారం ఎందుకు వేస్తారో అర్థమైతే శ్రీహరికోట రాకెట్ సగం అర్థమైనట్టే.

పొయ్యిలో కట్టె మండడానికి బయటి గాలి కావాలి. గట్టిగా కూరిన జువ్వ గొట్టంలోకి ఆ గాలి వెళ్లదు. సూరేకారంలో ఉన్న ఆక్సిజనే లోపలి బొగ్గునూ గంధకాన్నీ మండిస్తుంది. రాకెట్ తన ఇంధనంతో పాటు దాన్ని మండించే ఆక్సీకరణిని కూడా వెంట మోసుకుపోవాలి. గాలి లేని చోట పనిచేయాలంటే మరో మార్గం లేదు. ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీలో ఒకదాని మీద ఒకటి పేర్చిన దశలుంటాయి. దాని మొదటి దశలో సూరేకారం చేసే పనిని అమ్మోనియం పర్‌క్లోరేట్ చేస్తుంది. మండే పదార్థం అల్యూమినియం పొడి. ఈ పొడులన్నిటినీ కలిపి ముద్దగా పట్టి ఉంచే రబ్బరు వంటి పదార్థం హెచ్‌టీపీబీ. ఆ రబ్బరు కూడా ఇంధనంగా మండుతుంది. మొదటి దశలో ఈ ఘన ఇంధనం సుమారు 139 టన్నులు ఉంటుంది. ఒకసారి అంటించాక మధ్యలో ఆపడం కుదరదు. జువ్వ కూడా అంతే కదా అని ఒక అబ్బాయి అన్నాడు. నిజమే, ఆ విషయంలో రెండూ ఒకటే.

ద్రవ ఇంధనం సంగతి వేరు. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో వికాస్ ఇంజిన్ ఉంటుంది. అందులో యూహెచ్25 అనే ఇంధనం ఒక ట్యాంకులో, నైట్రోజన్ టెట్రాక్సైడ్ అనే ఆక్సీకరణి ఇంకో ట్యాంకులో ఉంటాయి. రెండూ కలిసిన క్షణంలో నిప్పు రవ్వ అక్కర్లేకుండా వాటంతట అవే అంటుకుంటాయి. మామూలు ఉష్ణోగ్రతలోనే నిల్వ ఉంటాయి. రెండూ విషపూరితం కాబట్టి వాటి దగ్గర పనిచేసేవాళ్లు ఒళ్లంతా కప్పే దుస్తులు వేసుకుంటారు. యూహెచ్25 ఎక్కడ తయారవుతుందో చెప్పమంటే తరగతిలో రష్యా పేరు వచ్చింది, బెంగళూరు పేరు వచ్చింది. తణుకు పేరు ఎవరూ చెప్పలేదు. మన ఆంధ్రా షుగర్స్ వాళ్లు తణుకులో తయారుచేసి ఇస్రోకు ఇస్తారని చెబితే పిల్లలు ముందు నమ్మలేదు. ఆ మిల్లుకు చెరకు తోలిన తాతలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు, కానీ ఆ పేరు వాళ్లకు పంచదార పేరుగానే తెలుసు. వాళ్లు బట్టలు కొనుక్కోవడానికి బస్సు దిగే ఊళ్లో రాకెట్ ఇంధనం తయారవుతోంది. గోదావరి జిల్లాల్లో సైన్సు చెప్పే ప్రతి ఒక్కరూ ఈ మాట పిల్లల చెవిన వేయాలని నా కోరిక.

మందు లేకుండా రాకెట్ ఎలా అంటే, నీళ్లూ గాలీ. కూల్‌డ్రింకు బాటిల్‌లో కొంత నీరు పోసి, మిగతా చోటులోకి పంపుతో గాలి కొట్టి, మూతి కిందికి పెట్టి వదిలితే నీరు కిందికి చిమ్ముతుంది, బాటిల్ పైకి లేస్తుంది. ఇంతవరకు చాలా బడుల్లో చేస్తారు. మేము మాత్రం బాటిల్ ముట్టుకోకముందే ఒక ప్రశ్న బోర్డు మీద రాశాం: దీనిలో ఏం పంపుదాం?

ఈ వరస నేను తుంబా చరిత్ర నుంచి తీసుకున్నాను. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్ అమెరికా వాళ్లది. దాని ముక్కులో ఉన్న పేలోడ్, అంటే రాకెట్ మోసుకెళ్లే సరుకు, ఫ్రాన్సు నుంచి వచ్చింది. అది సోడియం ఆవిరి. సంధ్యవేళ పై వాతావరణంలో ఆ ఆవిరిని వదిలితే నారింజ రంగు మేఘంలా మెరిసింది. అది ఎటు కదులుతోందో చూసి అంత ఎత్తులో గాలులు ఎలా వీస్తున్నాయో లెక్కగట్టారు. గాలి ఎటు వీస్తోందన్న ప్రశ్న ముందు పుట్టింది, దానికోసం సోడియం వచ్చింది, సోడియాన్ని మోయడానికి రాకెట్ వచ్చింది. మన అంతరిక్ష కార్యక్రమం మొదటి రోజునే ఈ క్రమం నేర్పింది.

పిల్లలు చాలా చెప్పారు. సెల్‌ఫోను పంపి ఊరి ఫోటో తీద్దామన్నారు. పగలని కోడిగుడ్డు దింపుదామన్నారు. ఒకరు కప్పను పంపుదామన్నారు. ప్రాణమున్న దేన్నీ పంపేది లేదన్నాను. మిగిలినవన్నీ తూచాం. వంటింటి తక్కెడ గ్రాముల తేడాను పట్టించదు కాబట్టి బంగారం పనిచేసే ఒకాయన దుకాణానికి వెళ్లి ఆయన కాటా మీద పెట్టాం. ఫోను 190 గ్రాములు. గుడ్డు 55. పీడన సెన్సర్, దాని చిన్న బోర్డు, గుండీ బ్యాటరీ కలిపి 35. ఇక్కడ నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది: ప్రతి వస్తువు పక్కనా దాని బరువుతో పాటు అది ఏ ప్రశ్నకు జవాబిస్తుందో కూడా రాయాలి. గుడ్డు పక్కన "పగిలిందా లేదా" అని వచ్చింది. సెన్సర్ పక్కన "ఎంత ఎత్తు, ఎంతసేపు, ఎంత వేగం" అని వచ్చింది. ఇక ఓటు అవసరం పడలేదు.

తూకాల పుస్తకం ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి చేతిలో పెట్టాం. ఆ పుస్తకంలో బరువు ఎక్కకుండా ఒక్క టేపు ముక్క కూడా రాకెట్‌కు అంటకూడదన్నది నియమం. ఆ అమ్మాయి దాన్ని నాకంటే కచ్చితంగా అమలుచేసింది. రంగు వేద్దామని వచ్చిన అబ్బాయిలను "రంగు ఎన్ని గ్రాములు?" అని అడిగి వెనక్కి పంపింది. ఆ పట్టుదల చూసి వాళ్లకు ఆజాదీశాట్ గురించి చెప్పాను. దేశంలోని 75 పాఠశాలల నుంచి 750 మంది అమ్మాయిలు చిన్న చిన్న పేలోడ్లు తయారుచేస్తే, వాటిని ఒక ఉపగ్రహంలో కూర్చి 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ మొదటి రాకెట్‌తో పంపారు. కక్ష్య సరిగా కుదరక ఆ ఉపగ్రహం దక్కలేదు. ఆరు నెలలు దాటగానే, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది.

ఇక నిర్మాణం. రెండు లీటర్ల బాటిల్ ఒకటి పీడనానికి. ఇంకో బాటిల్ పైభాగం కోసి ముక్కు. రెక్కలకు సన్‌ప్యాక్ షీటు (తేలికైన ప్లాస్టిక్ అట్ట). పీడనం పట్టే బాటిల్‌కు వేడి జిగురు తగలనివ్వకూడదు, ప్లాస్టిక్ మెత్తబడి అక్కడే పగులుతుంది, టేపుతోనే కట్టాలి. ముక్కుకు సూదితో రంధ్రాలు పెట్టాలి, లేకపోతే సెన్సర్‌కు బయటి గాలి పీడనం అందదు. పీవీసీ గొట్టంతో ప్రయోగ వేదిక, దానికి సైకిల్ ట్యూబు వాల్వు, బాటిల్ మూతిని బిగించి పట్టే రబ్బరు రింగు. ఆ రింగు కొలత ఎక్కడా కుదరలేదు. చివరికి రొయ్యల చెరువుల ఏరియేటర్లు బాగుచేసే ఒక మెకానిక్ తన డబ్బాలో వెతికి సరిపోయేది ఇచ్చారు. పంపు, దానికి మీటరు పంక్చర్ షాపు బాబాయ్ ఇచ్చాడు.

భద్రత గురించి మాత్రం తొందరపడకుండా చదవండి. మొదట బాటిల్‌ను అంచుదాకా నీటితో నింపి పీడనం పెట్టి పరీక్షించాలి. నీరు నిండుగా ఉన్నప్పుడు పగిలినా ఎగిరిపడదు. గాలి నిండుగా ఉన్నప్పుడు పగిలితే ముక్కలు కళ్లలోకి వస్తాయి. మేము పీడనం 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్లు) దాటనివ్వలేదు. కళ్లద్దాలు అందరికీ. వదిలే పిన్నుకు పొడవైన తాడు. గీతలు పడిన బాటిల్ ఎంత అందంగా తయారైనా పక్కన పెట్టేయాలి.

సార్వా కోతలు అయిపోయి దాళ్వా నాట్లు పడేలోపు చేలు ఖాళీగా ఉండే రోజులు మాకు దొరికిన వ్యవధి. ఒక రైతు తన చేను ఇచ్చారు. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి తిరిగి రాకెట్‌ను కొబ్బరి తోటలోకి తోసేస్తుంది, అందుకని పొద్దున్నే వెళ్లేవాళ్లం.

మొదటి ప్రయోగాలన్నీ నీటి కొలత కోసమే. పిల్లల్లో చాలామంది ఊహ, నీరు ఎంత ఎక్కువైతే అంత ఎత్తు అని. బాటిల్ మూడు వంతులు నింపితే రాకెట్ బద్ధకంగా లేచి, చాలా నీటిని మోసుకుంటూనే కిందపడింది. అడుగున కొద్దిగా పోస్తే ఒక్క చిమ్ముతో అయిపోయింది. మూడో వంతు దగ్గర బాగా ఎగిరింది. ఎందుకంటే ఇక్కడ శక్తి గాలిలో ఉంది, బయటికి విసిరే బరువు నీటిలో ఉంది. నీరు పెంచితే గాలికి చోటు తగ్గుతుంది. అసలు రాకెట్‌లో ఈ రెండూ ఒకే పదార్థంలో ఉంటాయి: మండి శక్తినిచ్చేదీ, వాయువుగా మారి వెనక్కి దూసుకుపోయేదీ ఆ ఇంధనమే.

ఆ రోజు తరగతికి వచ్చాక లెక్కలోకి దిగాం. 60 పీఎస్‌ఐ దగ్గర నీరు మూతి నుంచి సెకనుకు దాదాపు 29 మీటర్ల వేగంతో వస్తుంది. పీడనం తగ్గేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. ఘన ఇంధన దశలో వాయువులు సెకనుకు సుమారు రెండున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో వస్తాయి. వికాస్ ఇంజిన్‌లో దాదాపు 2.9 కిలోమీటర్లు. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మండే క్రయోజెనిక్ ఇంజిన్‌లో 4.3 కిలోమీటర్లు దాటుతుంది. హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచడానికి ఇంత కష్టం ఎందుకు పడతారో ఆ ఒక్క సంఖ్య చెబుతుంది. 1903లో రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ ప్రచురించిన సమీకరణం ప్రకారం, రాకెట్ పొందే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: వెనక్కి వదిలే పదార్థపు వేగం, బయల్దేరేటప్పటి బరువుకూ ఇంధనం అయిపోయాక మిగిలే బరువుకూ ఉన్న నిష్పత్తి. ఆ నిష్పత్తికి సంవర్గమానం (లాగరిథం) తీసుకోవాలి. అక్కడే కష్టమంతా ఉంది. ఇంధనం రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. కొత్తగా పోసిన ఇంధనాన్ని కూడా మోయాలి కదా.

తూకాల పుస్తకం తెరిచి మా రాకెట్‌కు ఈ నిష్పత్తి కట్టాం. బాటిల్, ముక్కు, రెక్కలు, పారాచూట్ కలిపి 120 గ్రాములు. సెన్సర్ 35. నీరు 650. మొత్తం 805 గ్రాముల్లో నీరే 80 శాతం పైన. మేం పంపాలనుకున్నది నాలుగు శాతం చిల్లర. తర్వాత అదే లెక్క ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3కి కట్టించాను. నేల వదిలేటప్పుడు 640 టన్నులు. రెండు పక్కల ఘన ఇంధన బూస్టర్లలో ఒక్కోదానిలో సుమారు 205 టన్నులు, మధ్య దశలో సుమారు 115 టన్నుల యూహెచ్25, నైట్రోజన్ టెట్రాక్సైడ్, పైన 28 టన్నుల క్రయోజెనిక్ ఇంధనం. కూడితే 550 టన్నుల పైమాటే. 2023 జులై 14న అది మోసుకెళ్లిన చంద్రయాన్-3 బరువు 3,900 కిలోలు. ఒక శాతం కూడా కాదు.

పిల్లలు అక్కడితో ఆపలేదు, నాకు చాలా సంతోషం కలిగించిన గంట అది. ఆ 3,900 కిలోల్లో రెండు టన్నులకు పైగా ల్యాండర్‌ను చంద్రుడి దాకా తీసుకెళ్లే ప్రొపల్షన్ మాడ్యూల్, అందులోనూ ఎక్కువ భాగం ఇంధనమే. ల్యాండర్ విక్రమ్, దాని కడుపులోని రోవర్‌తో కలిపి 1,752 కిలోలు. అందులోనూ దిగడానికి కావలసిన ఇంధనం ఉంది. రోవర్ ప్రజ్ఞాన్ 26 కిలోలు. ఆ 26 కిలోల్లో చంద్రుడి మట్టిలో ఏ మూలకాలున్నాయో చూసే పరికరాలు రెండు. "640 టన్నులు ఆ రెండింటి కోసమాండీ?" అని తూకాల అమ్మాయి అడిగింది. ల్యాండర్ మీద కూడా పరికరాలున్నాయి కాబట్టి పూర్తిగా వాటి కోసమే అనలేం. కానీ ఆ ప్రశ్న అడగగలిగిన పిల్లకు రాకెట్ అంటే ఏమిటో తెలిసినట్టే.

పేలోడ్ బరువు మారుస్తూ చేసిన ప్రయోగాలు ఇంకా ఆసక్తిగా సాగాయి. సెన్సర్ లేకుండా, ముక్కు ఖాళీగా పంపితే అన్నిటికంటే ఎత్తుకు వెళ్తుందని అందరూ అనుకున్నారు. వెళ్లలేదు. 35 గ్రాములు మోసినప్పటి ఎత్తు దానికి ఏమాత్రం తగ్గలేదు, కొన్నిసార్లు కాస్త ఎక్కువే వచ్చింది. ముక్కులో ఇసుక పోసి బరువు బాగా పెంచితే మాత్రం ఎత్తు స్పష్టంగా పడిపోయింది. కారణం గాలి నిరోధం. మరీ తేలికైన రాకెట్ వేగంగా బయల్దేరుతుంది గానీ గాలి దాన్ని త్వరగా ఆపేస్తుంది. కొంత బరువుంటే నీరు అయిపోయాక కూడా ఆ ఊపు నిలుస్తుంది. పైగా ముక్కులో బరువు ఉంటే రాకెట్ వంకరలు తిరగకుండా నిటారుగా పోతుంది. ఇది దట్టమైన గాలిలో, మా ఎత్తులో జరిగే సంగతి. గాలి లేని చోట పనిచేసే చివరి దశలో లెక్క నిర్దయగా ఉంటుంది: అక్కడ ట్యాంకు గోడ ఒక కిలో పెరిగితే పేలోడ్ ఒక కిలో తగ్గాల్సిందే. కింది దశలో అదే కిలో పెరిగితే నష్టం చాలా తక్కువ. ఇంధనం అయిపోయిన దశలను ఎందుకు విడిచేస్తారో, పై దశల్లో ప్రతి గ్రామును ఎందుకు గీకి తీస్తారో దీన్నిబట్టి పిల్లలే చెప్పగలిగారు.

దించడం గురించి ఎక్కువ చెప్పను. పల్చని ప్లాస్టిక్ సంచితో పారాచూట్, ఆరు దారాలు, ముక్కు వదులుగా కూర్చుంటే శిఖరం దగ్గర ఊడి తెరుచుకుంటుంది. ఒక రోజు గాలి తిరిగి రాకెట్ కొబ్బరి మొవ్వులో చిక్కుకుంటే దింపు తీసే ఆయన ఎక్కి తెచ్చిపెట్టారు, డబ్బులు పుచ్చుకోలేదు. సెన్సర్ చెక్కుచెదరలేదు.

ఎత్తును రెండు విధాలుగా కొలిచాం. పది మంది పిల్లలు దూరంగా నిలబడి క్లైనోమీటర్‌తో ఊర్ధ్వకోణం చూసి, పదో తరగతి త్రికోణమితితో ఎత్తు కట్టారు. సెన్సర్ పీడనం రాసుకుంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మాలాంటి చోట పీడనం ఒక హెక్టోపాస్కల్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సుమారు ఎనిమిది మీటర్లకు కొంచెం పైన ఎక్కినట్టు. ఒక మంచి ప్రయోగంలో కోణాల సగటు 38 మీటర్లు చెప్పింది, సెన్సర్ 35 చెప్పింది. ఏది నిజం అన్న వాదన బడి గంట కొట్టాక కూడా నడిచింది. రాకెట్ నిటారుగా పోకుండా చూసేవాళ్ల వైపు వాలితే కోణం ఎక్కువ కనిపిస్తుందని ఒక జట్టు అంది. ముక్కు రంధ్రాలు చిన్నవైతే సెన్సర్‌కు పీడనం ఆలస్యంగా అందుతుందని ఇంకో జట్టు అంది. రెండూ సరైన కారణాలే. రంధ్రాలు పెద్దవి చేసి, కోణం చూసేవాళ్లను రెండు ఎదురెదురు దిక్కుల్లో నిలబెట్టి మళ్లీ కొలిస్తే తేడా తగ్గింది.

దాళ్వా నాట్లు మొదలై చేనులోకి నీరు వచ్చేసింది కాబట్టి ప్రస్తుతానికి ప్రయోగాలు ఆగాయి. వేసవిలో మళ్లీ చేయాలని పిల్లలు ఇప్పటికే పేలోడ్ ఎంచుకున్నారు. రొయ్యల చెరువు గట్టు మీద తెల్లవారుజామున నేల దగ్గర ఎంత చల్లగా ఉంటుంది, ముప్పై మీటర్ల పైన ఎంత ఉంటుంది అన్నది వాళ్ల కొత్త ప్రశ్న. దానికి ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్ కావాలి. అది ఎంత త్వరగా స్పందిస్తుందో చూడాలి, ఎందుకంటే రాకెట్ పైన ఉండేది కొన్ని సెకన్లే. పారాచూట్ పెద్దది చేసి నెమ్మదిగా దించితే ఎక్కువ కొలతలు వస్తాయని ఒకరు, దాని బరువు ఎన్ని గ్రాములు పెరుగుతుందని ఇంకొకరు. కొత్త పుస్తకంలో మొదటి పేజీ మీద సెన్సర్ బరువు ఎక్కింది.